పన్నెండున్నర

సోహార్‌లో జూన్.
గోడ బయట నలభై ఏడు డిగ్రీలు,
గోడ లోపల పద్దెనిమిది.
మధ్యలో ఒక్క తలుపు.
బయటికి అడుగుపెట్టగానే
కళ్లజోడు మీద సముద్రం పేరుకుంటుంది.

మా గదిలో పన్నెండు వందల యంత్రాలు
ఒకే లెక్కను పంచుకుని చేస్తాయి:
రేపు దుమ్ముగాలి ఎటునుంచి,
తుఫాను తీరానికి తిరుగుతుందా,
రేవులో ఓడల్ని ఆపాలా.
వాటి పక్కన నేను స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను.
బజారులో అది కొన్నప్పుడు
అమ్మినవాడు నన్ను రెండుసార్లు చూశాడు.

మే నెల కరెంటు బిల్లు వచ్చింది.
మేనేజర్ ఫోటో తీసి పంపాడు,
కింద ఏమీ రాయలేదు.
అదే తిట్టు.

ఆ రాత్రి బుథైనా, నేను
యంత్రాల నాడి పట్టుకుని కూర్చున్నాం.
పని ఎక్కువైందనుకున్నాం. కాదు.
ఎక్కడో ఒక యంత్రం కాస్త వెనకబడితే
మిగిలినవన్నీ దాని జవాబు కోసం ఆగుతాయి.
ఆగడమంటే ఊరికే ఆగడమా?
వచ్చిందా, వచ్చిందా, వచ్చిందా అని
సెకనుకు కోట్లసార్లు అడుగుతూ
పూర్తి వేగంతో, పూర్తి వేడితో.
మూడో వంతు కరెంటు
ఎదురుచూపుకే పోతోంది.

బుథైనా నవ్వింది.
"మా మేనత్త ఇంతే.
చుట్టాలు బయల్దేరారని వింటే చాలు
కహ్వా పొయ్యి మీద పెట్టేస్తుంది.
వాళ్లొచ్చేసరికి విషం."

పదిహేడు వరసల మార్పు రాశాం.
జవాబు రాకపోతే కునుకు తియ్యి,
వచ్చినప్పుడు లేపుతాం.
గడియారాల వేగమూ కొంచెం దించాం.
లెక్క నాలుగు నిమిషాలు ఆలస్యమైంది.
ఆ నాలుగు నిమిషాలు
తుఫాను అడగలేదు.

మేడమీద చిల్లర్లు చూసేది లింబాద్రి,
ఆర్మూరు అవతలి మనిషి.
"మేడం, గీ పద్దెనిమిది ఎవలికోసం?
మిషన్లకు ఉక్కపోస్తదా?
ఇర్వై ఆరు పెట్టుండ్రి, ఏం గాదు.
పైన కంప్రెసర్ గుండె పలుగుతున్నది."
దుమ్ము దులిపి మాన్యువల్ తీశాను.
అందులోనూ ఉన్నది అదే మాట.
ఎవరో ఎప్పుడో భయపడి పెట్టిన అంకె పద్దెనిమిది,
దానికోసం మేమంతా స్వెట్టర్లు కొన్నాం.

ఇక్కడ వేసవిలో ఒక నియమం ఉంది:
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
ఎండలో ఎవరిచేతా పని చేయించకూడదు.
ఆ మూడు గంటలు లింబాద్రి
నీళ్ల ట్యాంకు నీడన
మా యంత్రం ఒకటి వచ్చిన అట్టపెట్టెను
విప్పి పరుచుకుని పడుకుంటాడు.
చిల్లర్ ఆగిపోతే మాత్రం ఫోన్ మోగుతుంది.
నియమం ఎండకి. ఫోన్‌కి కాదు.

కిందటి సోమవారం నేనే మోగించాను.
ఒంటిగంటా ఇరవై.
వెనకే పైకి వెళ్లాను.
నిచ్చెన ఇనుము పట్టుకోలేక
అరచేతికి తువ్వాలు చుట్టుకుంటున్నాడు.
నన్ను చూసి, "మీరెందుకొచ్చిండ్రు, దిగుండ్రి" అన్నాడు.
దిగాను.

బిల్లు గురించి మొదలైన పని
ఆ మెట్ల మీద నాకు వేరే పనైంది.

పెద్ద లెక్కలన్నీ రాత్రికి జరిపాం.
ఉదయపు సూచన పదిన్నరకల్లా ముగించి
మిగతా యంత్రాల్ని నిద్రపుచ్చుతున్నాం.
పన్నెండున్నర నుంచి మూడున్నర.
నివేదికలో "పీక్ లోడ్ తగ్గింపు" అని రాశాం.
మేనేజర్ బొటనవేలు పంపాడు.

ఇవాళ ఒంటిగంటా ఇరవై.
పంకాల రొద గొంతు దించింది.
తెర మీద ఒక్కొక్క పేరూ
ఆకుపచ్చ నుంచి బూడిదరంగుకి మారుతోంది.
స్వెట్టర్ కుర్చీ వీపున వేలాడుతోంది.
ఫోన్ బల్ల మీద ఉంది, బోర్లా.

పైన, ట్యాంకు నీడలో
ఒక మనిషి ఒత్తిగిలి ఉంటాడు.
అతని భుజం కింద, అట్ట మీద,
పగిలిపోయే గాజుగ్లాసు బొమ్మ,
పైకి చూపించే రెండు బాణాలు.